ఎన్నేండ్లు పడ్తది, నెలకెంతిస్తరు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కాలేజీల్లో బీజెడ్సీ చదివే పిల్లలు పరీక్షలు రాయడంలో ఎవరికీ తీసిపోరు. పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా వాళ్ళ దారంతా రాతపరీక్షలే. రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీటిచ్చే సీపీగెట్‌లో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు, ఇంటర్వ్యూ లేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల సీయూఈటీ-పీజీ కూడా కంప్యూటర్ ముందు కూర్చుని ముగించేదే. ఇన్నేళ్ళ చదువులో సబ్జెక్టు గురించి నోరు తెరిచి మాట్లాడే అవసరం ప్రాక్టికల్ పరీక్ష నాటి వైవాలోనే వస్తుంది. అక్కడైనా ఎక్స్‌టర్నల్ రికార్డు తిరగేసి, స్పాటర్ చూపించి పేరడిగి, రెండు ప్రశ్నలతో పంపించేస్తారు. ఆ తర్వాత చాలామందికి మళ్ళీ మాట్లాడాల్సింది ఎమ్మెస్సీ అయి, నెట్ కొట్టాకే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో బల్లకు అటువైపు నలుగురైదుగురు శాస్త్రవేత్తలుంటారు, ఇటువైపు విద్యార్థి ఒక్కరే. పక్కన తెల్ల బోర్డు, చేతికి మార్కరు.

ఆ గదిలో ఏం జరుగుతుందో ఈ మూడు జిల్లాల్లో చాలామందికి ముందుగా చెప్పేవాళ్ళుండరు. ఇంట్లో పీహెచ్‌డీ మాట ఎత్తగానే రెండే ప్రశ్నలు వస్తాయి: "ఎన్నేండ్లు పడ్తది బిడ్డా? నెలకెంతిస్తరు?" చదువుకున్న పిల్లలకు ఆ ప్రశ్నలు నామోషీ. సైన్సు గురించి అడగకుండా కూలి లెక్క అడుగుతున్నారేమిటని చిన్నబుచ్చుకుంటారు. నన్నడిగితే ఈ వ్యవహారం మొత్తంలో అంతకంటే తెలివైన ప్రశ్నలు లేవు. ఇంటర్వ్యూకు వెళ్ళినవాళ్ళు అవే రెండు ప్రశ్నలు ఎదుటివాళ్ళను అడగగలిగితే తర్వాత పడే బాధల్లో సగం పడనక్కర్లేదు.

ముందు నేల సంగతి. 2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లాను ముక్కలు చేసినప్పుడు ఏర్పడిన జిల్లాలివి. జనగామ సికింద్రాబాద్-కాజీపేట రైలు మార్గం మీద ఉంది. అక్కడి పిల్లలకు ఉస్మానియా, తార్నాక, హబ్సిగూడల్లోని పరిశోధన సంస్థలు దూరమనిపించవు. మానుకోట అని పిలిచే మహబూబాబాద్‌కూ రైలుంది. కాజీపేట మీదుగా హైదరాబాద్ వెళ్ళవచ్చు, ఇటు విజయవాడ వెళ్ళవచ్చు. భూపాలపల్లికి ప్రయాణికుల రైలు లేదు. బొగ్గు బావుల ఊరి నుంచి హనుమకొండలోని కాకతీయ యూనివర్సిటీకి బస్సులో దాదాపు 70 కిలోమీటర్లు. 1976లో ఏర్పడిన ఆ యూనివర్సిటీయే మూడు జిల్లాలకూ పెద్ద చదువు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ అక్కడ ఉన్నాయి.

ఈ మధ్య ఇంకొక మార్పొచ్చింది. మహబూబాబాద్‌కు 2022లో, జనగామకు, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మంచిదే. అయితే జీవశాస్త్రం అంటే డాక్టరు చదువన్న పాత లెక్క దాంతో ఇంకా గట్టిపడింది. బైపీసీ పిల్లలు నీట్ రాస్తారు, మళ్ళీ రాస్తారు, వెటర్నరీ, అగ్రికల్చర్, ఫార్మసీ చూస్తారు, ఏదీ కుదరకపోతే బీఎస్సీలో చేరతారు. అందుకే ఇంటర్వ్యూ బోర్డు మామూలుగా వేసే మొదటి ప్రశ్న, "బయాలజీ ఎందుకు తీసుకున్నారు?" అన్నది వీళ్ళకు పచ్చి పుండు మీద వేలు పెట్టినట్టుంటుంది. ఎవరో నేర్పించిన జవాబు చెబుతారు, చిన్నప్పటి నుంచీ ప్రకృతి అంటే ఇష్టమని. బోర్డులో కూర్చున్నవాళ్ళు ఆ మాట ఆ రోజు అప్పటికే పదిమంది దగ్గర విని ఉంటారు. నీట్ రాశాను, సీటు రాలేదు, బీఎస్సీ రెండో ఏడు జన్యుశాస్త్రం చదువుతుంటే ఇది నాకు పడుతుందనిపించింది అని నిజం చెప్పినవాళ్ళను ఎవరూ తక్కువ చేయరు. ఆ బల్లకు అటువైపు ఉన్నవాళ్ళలోనూ మెడికల్ సీటు రానివాళ్ళు ఉండి ఉంటారు.

ఇక దారులు. ఎమ్మెస్సీ దగ్గర ఇంటర్వ్యూ పెట్టే చోట్లు కొన్నే. ఐఐటీలు నడిపే జామ్ పరీక్ష రాసి బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐసర్లలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి వెళ్ళేవాళ్ళకు అది ఎదురవుతుంది. ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి జీవశాస్త్రం ఎమ్మెస్సీకి వెళ్ళేవాళ్ళకూ అంతే. బయోటెక్నాలజీ శాఖ సాయంతో నడిచే ఎమ్మెస్సీ సీట్లకు జీఏటీ-బీ అనే వేరే పరీక్ష ఉంది. ఆ సీటు దొరికితే చదువుకునేటప్పుడే నెలకు కొంత స్టైపెండ్ వస్తుంది. మూడు జిల్లాల్లో సీపీగెట్ పేరు తెలిసినంతగా ఈ పేరు తెలియదు. సీట్లు నిండిపోయాక తెలిసి బాధపడేవాళ్ళున్నారు.

పీహెచ్‌డీ దగ్గరకొస్తే పెద్ద గుమ్మం సీఎస్ఐఆర్-యూజీసీ నెట్. ఏడాదికి రెండుసార్లు జరగాలి. లైఫ్ సైన్సెస్ పేపర్లో 145 ప్రశ్నలిచ్చి 75 రాయమంటారు, మూడు గంటలు, 200 మార్కులు, తప్పు జవాబుకు కోత. పేపరు ఇంగ్లిషులో, హిందీలో ఉంటుంది, తెలుగులో ఉండదు. 2024 జూన్‌లో జరగాల్సింది చివరి నిమిషంలో వాయిదా పడి జులై ఆఖర్న జరిగింది. అలా ఒక్కసారి తేదీ మారితే దాని వెనక ఇంటర్వ్యూల వరుసంతా కదులుతుంది. మెరిట్‌ను బట్టి ముగ్గురికి మూడు రకాల ఫలితం వస్తుంది. ఒకరికి ఫెలోషిప్పుతో జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలో), ఒకరికి అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ అర్హత, మరొకరికి పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత. తర్వాతి ఇద్దరికీ నెట్ మార్కుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. పీహెచ్‌డీ ప్రవేశానికి ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. నెట్ ఒక్కటే గుమ్మం కాదు. గేట్ ఉంది, డీబీటీ జేఆర్ఎఫ్ ఉంది, టీఐఎఫ్ఆర్ డిసెంబర్‌లో పెట్టే పరీక్ష ఉంది, యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకర్లకు ఇన్‌స్పైర్ ఉంది. ఏ గుమ్మంలోంచి వెళ్ళినా చివరికి చేరేది ఆ బల్ల దగ్గరికే.

అక్కడ ఏమడుగుతారు? సీసీఎంబీ కావచ్చు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కావచ్చు, ఐసర్ కావచ్చు, తీరు ఇంచుమించు ఒకటే. "మీకు బాగా నచ్చిన టాపిక్ చెప్పండి" అంటారు. అది మర్యాద కోసం అడిగే మాట కాదు. మీరు చెప్పిన చోటే తవ్వడం మొదలుపెడతారు. పీసీఆర్ అంటే ప్రైమర్ ఎందుకు కావాలంటారు, ప్రైమర్ ఒకటే వేస్తే ఏమవుతుందంటారు, డీఎన్ఏ వేయకుండా నడిపిన ట్యూబులో కూడా బ్యాండ్ వస్తే దాన్నిబట్టి ఏమనుకోవాలంటారు. తవ్వుతూ మీకు తెలియని పొర దాకా వెళ్తారు. అక్కడికి వెళ్ళడమే వాళ్ళ ఉద్దేశం. తెలిసినదాన్ని పరీక్ష అప్పటికే కొలిచింది. తెలియని చోట మనిషి ఎలా నడుస్తాడో చూడాలని ఈ కూర్చోబెట్టడం. "ఇది నాకు తెలియదు, కానీ ఫలానా ప్రయోగం చేస్తే తేలుతుంది" అన్న జవాబుకు ఆ గదిలో విలువెక్కువ. మన క్లాసురూముల్లో "తెలియదు సార్" అంటే నిలబెట్టేవాళ్ళు. ఆ భయంతో పిల్లలు ఏదో ఒకటి చెప్పేస్తారు, అక్కడి నుంచి ఇంటర్వ్యూ జారిపోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది సొంత ఎమ్మెస్సీ ప్రాజెక్టు దగ్గర. మన యూనివర్సిటీల్లో ప్రాజెక్టు అంటే తరచుగా ఏదో ఒక మొక్క ఆకుల రసానికి బాక్టీరియాను చంపే గుణం ఉందా అని చూడటం. ఆకులు ఎండబెట్టి, మెథనాల్‌లో నానబెట్టి, కాగితం బిళ్ళకు అద్ది, బాక్టీరియా పెంచిన అగర్ ప్లేటు మీద పెడతారు. మర్నాడు బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఎన్ని మిల్లీమీటర్లుందో కొలుస్తారు. ఇందులో తప్పేమీ లేదు, తక్కువ ఖర్చుతో చేయగలిగిన పని. చిక్కల్లా బోర్డు అడిగే తర్వాతి ప్రశ్నలతో. ఉత్త మెథనాల్ అద్దిన బిళ్ళ పక్కన పెట్టారా? ఆ వలయం ఆకు వల్లే వచ్చిందని, మెథనాల్ వల్ల రాలేదని ఎలా చెబుతారు? రెండు రసాల్లో ఒకదాని వలయం పెద్దదైతే అదే బలమైనదా, లేక దానిలోని పదార్థం అగర్‌లో తొందరగా పాకిందా? తెలిసిన యాంటీబయాటిక్‌తో పోల్చారా? ఎన్ని ప్లేట్లు వేశారు? ఈ ప్రశ్నలకు జవాబు లేనివాళ్ళు ప్రాజెక్టు చేయలేదని కాదు. ప్లేట్లు వాళ్ళే వేసి ఉంటారు. ఎందుకలా వేయాలో అడిగే అలవాటు ల్యాబులో లేదు, అంతే. పై ఏడాది సీనియర్ థీసిస్‌లోని పద్ధతి ఈ ఏడాది థీసిస్‌లోకి వస్తుంది, ఆకు పేరు మారుతుంది. ఇంటర్వ్యూకు నెల ముందు సొంత ప్రాజెక్టు తీసి ప్రతి అంకె పక్కన "నాకెలా తెలుసు?" అని రాసుకుంటూ పోవడం కోచింగ్ సెంటరు మెటీరియల్ మొత్తం కంటే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ఈ పిల్లలు ఇంట్లోనే వదిలేసి వెళ్ళే సొత్తు ఇంకొకటుంది. 2021-22 సీజన్లో మహబూబాబాద్, వరంగల్, ఖమ్మం, భూపాలపల్లి ప్రాంతాల్లో మిరప తోటలు నల్ల తామర పురుగుకు తుడిచిపెట్టుకుపోయాయి. త్రిప్స్ పార్విస్పైనస్ అనే ఆ పురుగు ఈ దేశానిది కాదు. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించినట్టు రికార్డయింది. పూతలో చేరి రసం పీల్చేస్తే పూవు రాలిపోతుంది, కాయ కట్టదు. ఆ ఏడాది అప్పుల్లో మునిగిన ఇళ్ళల్లోంచి వచ్చిన పిల్లలు ఇప్పుడు ఎమ్మెస్సీలు చదువుతున్నారు. ఆకుల్లో కాకుండా పూతలోనే ఎందుకు చేరింది? మందు మీద మందు కొట్టినా ఎందుకు ఆగలేదు, పురుగుకు నిరోధకత వచ్చిందా, లేక దాన్ని తినే మిత్ర పురుగులు ముందే చచ్చాయా? ఈ రెంటిలో ఏది నిజమో తేల్చడానికి ఎన్ని చేలల్లో నీలం రంగు జిగురట్టలు పెట్టాలి, వేటిని లెక్కించాలి? ఇవి పరిశోధన ప్రశ్నలు. ఇంట్లో అన్నం తింటూ మాట్లాడుకున్నవే. ఇంటర్వ్యూలో మాత్రం పిల్లలు వీటి ఊసెత్తరు, పుస్తకంలోని పండు ఈగ గురించి చెబుతారు.

జనగామ పత్తిదీ అదే కథ. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. గులాబీ రంగు పురుగు కొన్నేళ్ళకు దాన్నీ తట్టుకుంది. బీటీ విత్తనాల 450 గ్రాముల ప్యాకెట్‌తో బీటీ లేని విత్తనాలు 120 గ్రాములు ఇచ్చేవాళ్ళు, చేను చుట్టూ వేయమని. ఎవరు వేశారు? చాలామంది గట్టు మీద పారేశారు. ఆ చిన్న ప్యాకెట్ ఎందుకిచ్చారో చెప్పగలిగితే జనాభా జన్యుశాస్త్రం వచ్చినట్టే. బీటీ లేని మొక్కల మీద బతికిన మామూలు పురుగులు, బీటీని తట్టుకున్న అరుదైన పురుగులతో జతకట్టాలి. తట్టుకునే లక్షణం అంతర్గతమైతే ఆ జతకు పుట్టే పిల్లలు బీటీ తిని చస్తాయి. చుట్టూ మామూలు పురుగులే లేకపోతే తట్టుకున్నవి తట్టుకున్నవాటితోనే కలుస్తాయి. తండ్రి ఆ ప్యాకెట్ పారేసిన సంగతి చెప్పి అక్కణ్ణుంచి ఈ లెక్కలోకి వచ్చే విద్యార్థిని ఏ బోర్డూ అంత తేలిగ్గా మర్చిపోదు.

ఇంగ్లిషు భయం గురించి రెండు మాటలు. బోర్డులో సగంమంది బెంగాలీలో తమిళులో మలయాళీలో అయి ఉంటారు, వాళ్ళ ఇంగ్లిషుకూ యాస ఉంటుంది. చిన్న వాక్యాల్లో నిదానంగా చెప్పడం, అర్థం కాకపోతే మళ్ళీ అడగమనడం, మాట దొరక్కపోతే బోర్డు మీద బొమ్మ గీయడం, ఈ మూడూ చాలు. మన డిగ్రీ కాలేజీల్లో తెలంగాణ స్కిల్స్ అండ్ నాలెడ్జ్ సెంటర్లు ఇంటర్వ్యూ శిక్షణ ఇస్తున్నాయి, కాకపోతే అది కంపెనీ ఉద్యోగాల ఇంటర్వ్యూ. "మీ బలాలు, బలహీనతలు చెప్పండి" అన్న ప్రశ్న సైన్సు బోర్డు వేయదు. "నా బలహీనత ఏమిటంటే నేను ఎక్కువ కష్టపడతాను" అన్న జవాబు అక్కడ చెబితే నవ్వులపాలే.

ఆ శిక్షణ కంటే దగ్గరగా వచ్చేది కళాశాల విద్యా కమిషనరేట్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల కోసం నడిపే జిజ్ఞాస స్టూడెంట్ స్టడీ ప్రాజెక్టులు. నలుగురైదుగురు పిల్లలు కలిసి ఒక స్థానిక సమస్య తీసుకుని, లెక్కలు సేకరించి, న్యాయనిర్ణేతల ముందు చెప్పాలి. పీహెచ్‌డీ బోర్డు చేసే పనికి ఇది నకలు. అయినా చాలాచోట్ల స్లైడ్లు సారు చేసి పెడతారు, బాగా మాట్లాడే ఒక్కరు చెబుతారు, మిగతావాళ్ళు ఫొటోకు నిలబడతారు. ప్రైజు మీద ధ్యాస తగ్గించి ప్రశ్నల సమయాన్ని పెంచితే, జనగామ, మానుకోట, భూపాలపల్లి పిల్లలకు పైసా ఖర్చు లేని మాక్ ఇంటర్వ్యూ అదే.

ఇంటర్వ్యూకు పోయేముందు చదవాల్సింది ఎవరి దగ్గర చేరాలనుకుంటున్నారో ఆ గైడు రాసిన పేపర్లు, కనీసం రెండు. పేపర్లు దొరకవన్న సాకు ఇప్పుడు చెల్లదు. పబ్‌మెడ్ సెంట్రల్‌లో, బయోఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 2025 నుంచి దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. వేసవిలో ఒక ల్యాబులో రెండు నెలలు పనిచేసి వస్తే ఇంకా మంచిది. మూడు జాతీయ సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్పుకు నెలల ముందే దరఖాస్తు చేయాలి, వేసవిలో గుర్తొస్తే లాభం లేదు.

ఇంటర్వ్యూ న్యాయంగా జరుగుతుందా అన్న అనుమానం ఈ ప్రాంతంలో ఊరికే పుట్టలేదు. 2023 సెప్టెంబర్‌లో కాకతీయ యూనివర్సిటీలో పీహెచ్‌డీ ప్రవేశాల్లో అక్రమాలు జరిగాయంటూ విద్యార్థులు రోడ్డెక్కారు. ఆరోపణల్లో ఏది ఎంత నిజమన్నది ఇక్కడ తేల్చే పని కాదు. యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకునే ప్రవేశపరీక్షల్లో రాతకు 70, ఇంటర్వ్యూకు 30 అని 2022 నాటి యూజీసీ నిబంధనలున్నాయి. ఆ 30లో ఎవరికి ఎన్ని వేశారో, ఎందుకు వేశారో బయటపెట్టనంతకాలం అనుమానం పోదు. రాతపరీక్ష చాలు, ఇంటర్వ్యూ ఎత్తేయండి అనేవాళ్ళతో మాత్రం నేను ఏకీభవించను. నాలుగు ఆప్షన్లలో ఒకటి గీయగలిగినవాళ్ళంతా ఐదేళ్ళు ల్యాబులో నిలవలేరు. అలాగని ఇంటర్వ్యూల్లో తప్పుల్లేవని కాదు. ఆడపిల్లలను "పెళ్ళెప్పుడు, పెళ్ళయ్యాక వదిలేస్తారా" అని అడగడం ఇంకా అక్కడక్కడ వినిపిస్తూనే ఉంది. ఆ ప్రశ్నకు సైన్సుతో సంబంధం లేదు. అవే యూజీసీ నిబంధనల్లో మహిళలకు గడువు మీద రెండేళ్ళు అదనం, 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు రాసి ఉన్నాయి. అంటే ప్రశ్న వేసిన మనిషి కంటే నిబంధనే ముందుంది.

సీటు వచ్చాక అసలు నిర్ణయం మొదలవుతుంది, అమ్మానాన్నల లెక్కలూ ఇక్కడే కావాలి. జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000, రెండేళ్ళ తర్వాత కమిటీ పని చూసి ఒప్పుకుంటే ఎస్ఆర్ఎఫ్ రూ.42,000, ఇంటి అద్దె భత్యం వేరుగా. గిరిజన విద్యార్థులకు ఏడాదికి 750 జాతీయ ఫెలోషిప్పులున్నాయి. తండాలు, కోయ గూడేలు ఉన్న మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఈ సంగతి ప్రతి డిగ్రీ కాలేజీ నోటీసు బోర్డు మీద ఉండాలి. ఎస్సీలకు వేరే జాతీయ ఫెలోషిప్పుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ లేకుండా చేరితే నెలకు రూ.8,000. రాష్ట్ర యూనివర్సిటీలో ఏ ఫెలోషిప్పూ లేకుండా చేరితే మామూలుగా ఏమీ రాదు. ఏదో ప్రైవేటు కాలేజీలో పార్ట్‌టైం చెప్పుకుంటూ థీసిస్ లాగేవాళ్ళు మన కళ్ళముందే ఉన్నారు. ఫెలోషిప్పు మంజూరైనా నెలల తరబడి డబ్బు పడకపోవడం మామూలు. మొదటి ఆరు నెలలు హాస్టలు, మెస్సు ఎట్లా నడుస్తాయో ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

ఎన్నేళ్ళు అన్న ప్రశ్నకు కాగితం మీది జవాబు కనీసం మూడు, గరిష్ఠం ఆరు. అసలు జవాబు గైడు దగ్గరుంటుంది, అంతకంటే నిజమైన జవాబు ఆయన దగ్గర పనిచేస్తున్న స్కాలర్ల దగ్గర. ఇంటర్వ్యూ అయ్యాక క్యాంటీన్లో వాళ్ళను పట్టుకోవాలి. ఇంతకుముందు ఇక్కణ్ణుంచి వెళ్ళినవాళ్ళకు ఎన్నేళ్ళు పట్టింది? మధ్యలో వదిలేసినవాళ్ళెంతమంది, ఎందుకు? పేపర్లో మొదటి పేరు ఎవరిది పడుతుంది? కెమికల్స్‌కు డబ్బుందా, ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుంది? సంస్థ పేరు చూసి చేరినవాళ్ళు గైడుతో పడలేక మానేసిన సందర్భాలు తక్కువేమీ లేవు. పేరున్న సంస్థలో పట్టించుకోని గైడు కంటే, కాకతీయలో రోజూ ల్యాబుకొచ్చే గైడు మేలని అనుభవమున్నవాళ్ళు చెప్పే మాటను నేను ఒప్పుకుంటాను, ఫెలోషిప్పు చేతిలో ఉంటేనే సుమా.

ఆ గైడు దొరకడమూ ఒక సమస్యే. నిబంధన ప్రకారం ప్రొఫెసర్ ఎనిమిదిమందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి తీసుకోకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్ళలోపున్నవారు కొత్తవాళ్ళను తీసుకోకూడదు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్ళ తరబడి రెగ్యులర్ నియామకాలు లేక ఉన్నవాళ్ళు రిటైరవుతూ పోతుంటే, ఈ రెండు నిబంధనలు కలిసి సీట్లను ఎండగడుతున్నాయి. జేఆర్ఎఫ్ చేతిలో పెట్టుకుని గైడు దొరక్క తిరిగే పిల్లలను చూస్తే తప్పు వాళ్ళదేమో అనిపిస్తుంది. వాళ్ళది కాదు.

అసలు పీహెచ్‌డీ కావాలా అన్న ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. డిగ్రీ కాలేజీలో లెక్చరర్ కావడమే కోరిక అయితే, 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ లేదా సెట్ కనీసార్హతగా సరిపోతుంది, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. జీనోమ్ వ్యాలీ వ్యాక్సిన్ కంపెనీల్లో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీలకు నాణ్యత విభాగాల్లో పని దొరుకుతుంది. ప్రశ్న వెంట పడి ఐదారేళ్ళు తిరగాలన్న కోరిక లేనివాళ్ళు ఊళ్ళో డాక్టర్ అనిపించుకోవడానికి పీహెచ్‌డీలో చేరడం తమకూ నష్టమే, గైడుకూ నష్టమే.

విదేశాల మాట. హార్వర్డ్‌లో సీటొచ్చినా ఉపకార వేతనం దొరకని యల్లాప్రగడ సుబ్బారావు 1923లో మామగారి డబ్బుతో, కాకినాడలోని ఒక ధర్మనిధి సాయంతో బోస్టన్ చేరారు. చేరాక ఆసుపత్రిలో చిన్న పని చేసి బతికారు. నూరేళ్ళ తర్వాత మన పిల్లలకు ఆ ఇబ్బంది సగమే తీరింది. అమెరికాలో జీవశాస్త్రం పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు వాళ్ళే కడతారు, స్టైపెండ్ కూడా ఇస్తారు. డిసెంబర్‌లో దరఖాస్తులు, జనవరి నుంచి మార్చి దాకా ఇంటర్వ్యూలు. ఒక్కో ప్రొఫెసర్‌తో అరగంట చొప్పున, మనవాళ్ళకు ఎక్కువగా జూమ్‌లో. చాలా ప్రోగ్రాములు జీఆర్ఈ అడగడం మానేశాయి, కాబట్టి ఆ మాటల బరువు పెరిగింది. ఆర్థికసాయంతో ఇచ్చిన ఆఫర్‌కు ఏప్రిల్ 15లోపే జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదని అక్కడి యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంది. ఆ తేదీ తెలియక, మొదట వచ్చిన ఆఫర్‌కే భయపడి సరేననేవాళ్ళుంటారు.

రెండు సంగతులు మాత్రం కన్సల్టెన్సీలు చెప్పవు. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ఇచ్చే శిక్షణ గ్రాంట్లు అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. అందుకే చాలా ప్రోగ్రాముల్లో విదేశీయులకు చోటు తక్కువ. తిరస్కరణ వచ్చినంత మాత్రాన మీలో లోపముందని అర్థం కాదు. రెండోది, ఆఫర్ చేతికొచ్చినా ఖాయం కాదని 2025లో తేలింది. ఫెడరల్ నిధుల కోతల భయంతో యూమాస్ చాన్ మెడికల్ స్కూల్ ఆ ఏడాది బయోమెడికల్ పీహెచ్‌డీకి ఇచ్చిన ఆఫర్లను వెనక్కి తీసుకుంది. ఇంకా కొన్నిచోట్ల సీట్లు తగ్గించారు. ఇక అప్పు చేసి జీవశాస్త్రంలో ఎంఎస్‌కు వెళ్ళడం, కంప్యూటర్ ఎంఎస్ చేసిన పక్కింటివాళ్ళ లెక్కను ఇక్కడ వేయడం, నా దృష్టిలో పొలం మీదికి తెచ్చుకునే ప్రమాదం. మన రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు రూ.20 లక్షల దాకా వస్తుంది, అదీ అర్హతలున్నవాళ్ళకు. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీకి ట్యూషన్ ఫీజు లేదు. కావాల్సింది మన పట్టాలను సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్, వీసాకు ముందు బ్లాక్ అకౌంటులో చూపించాల్సిన 11,904 యూరోలు.

రెండుచోట్ల సీటొస్తే ఒకటి వదులుకోవాలి, వదులుకుంటున్నట్టు ఆ రోజే మెయిల్ పెట్టాలి. వెయిటింగ్ లిస్టులో ఉన్నది మన మానుకోట పిల్లే కావచ్చు. ఇంత చేసి చేరే రోజు దగ్గరపడ్డాక మూడు జిల్లాల్లో చాలామందికి ఎదురయ్యే ఆఖరి ఇంటర్వ్యూ సొంత ప్రైవేటు కాలేజీ ఆఫీసు గదిలో జరుగుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదు కాబట్టి డబ్బు కడితేనే టీసీ, మెమోలు ఇస్తామంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ సంస్థా తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. కాలేజీలవీ నిజమైన బకాయిలే, పిల్లలదీ నిజమైన గడువే. అందుకని ఫైనల్ సెమిస్టర్ ఫలితాలు వచ్చిన వారంలోనే టీసీకి దరఖాస్తు రాసి, అందినట్టు సంతకం తీసుకుని, నకలు దగ్గర పెట్టుకోవాలి. చేరాల్సిన సంస్థకు కూడా అప్పుడే మెయిల్ రాసి ప్రొవిజనల్ మీద చేర్చుకుంటారా అని అడగాలి. అడిగితే కొన్ని సంస్థలు గడువిస్తాయి.